సీటీ నార్మల్ అన్నారు

మా పెదనాన్న స్కానింగ్ కవరు ఇప్పటికీ దుగ్గిరాలలో వాళ్లింటి బీరువా మీదే ఉంది. అందులో రెండు పరీక్షల ఫిల్ములున్నాయి. ఒకటి పొద్దున తొమ్మిదిన్నరకి తీసిన సీటీ. రెండోది అదే రోజు సాయంత్రం నాలుగుంబావుకి, విజయవాడ సూర్యారావుపేటలో, నా చేతులతో నేనే తీసిన ఎమ్మారై. మొదటిదాన్ని వెలుతురుకి పట్టి ఎంతసేపు చూసినా ఏమీ కనపడదు. రెండోదాంట్లో మెదడు ఎడమ పక్కన, బొటనవేలితో సున్నం అద్దినట్టు తెల్లటి మచ్చ. రెంటికీ మధ్య ఏడు గంటలు కూడా లేవు.

ఆ మచ్చ సాయంత్రానికి కొత్తగా పుట్టుకొచ్చింది కాదు. పొద్దున సీటీ తీసేటప్పటికే అక్కడ జబ్బు ఉంది. సీటీ కంటికి అది ఆనలేదు.

నేను 19 ఏళ్లుగా స్కానింగ్ టెక్నీషియన్ని. డాక్టర్ని కాదు, రిపోర్టు రాసేది రేడియాలజిస్టు. మనిషిని బల్ల మీద పడుకోబెట్టడం, తల కదలకుండా సర్దడం, ఏ వరసలో ఏ బొమ్మలు తియ్యాలో మిషనుకి చెప్పడం నా పని. ఇన్నేళ్లలో మెదడు బొమ్మలు తీసే పద్ధతులు ఎంత మారాయో దగ్గరుండి చూశాను. వీటి గురించి పేపర్లో వార్త వచ్చిందంటే ఒకటే పాట: ఇంకా స్పష్టంగా, ఇంకా సన్నగా, ఇంకా లోతుగా. స్పష్టత మంచిదే, నేనూ కాదనను. కానీ కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పక్షవాతం వచ్చిన మనిషికి పనికొచ్చిన మార్పు ఆ వైపు నుంచి రాలేదు. వేళ దగ్గర వచ్చింది. ఇదివరకు డాక్టర్లు గోడ గడియారం చూసి వైద్యం ఉందో లేదో చెప్పేవాళ్లు. ఇప్పుడు ఆ ప్రశ్న మెదడునే అడగొచ్చు. ఈ సంగతి మన ఊళ్లకి ఇంకా చేరలేదు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

2016 జనవరి. పండగ వెళ్లిన నాలుగో రోజు. పెదనాన్న రాత్రి అన్నం తిని, కాసేపు టీవీ చూసి, పదింటికి పడుకున్నాడు. పడుకునే ముందు పెద్దమ్మతో మర్నాడు యార్డుకి వెళ్లాలని కూడా చెప్పాడట. తెల్లవారుజామున ఐదింటికి లేవబోతే కుడికాలు ఆనలేదు. మాట ముద్దగా వచ్చింది. పెద్దమ్మ నిద్రమత్తు అనుకుంది. ఆరింటికి మూతి పక్కకి పోవడం చూసి మా అన్నయ్యని లేపింది. ఊళ్లో ఆరెంపీ గారు వచ్చి బీపీ చూసి, "పక్షవాతంలా ఉంది, తలకి స్కాన్ తీయించండి" అన్నాడు. ఆయన సరిగ్గానే చెప్పాడు. ఆటో మాట్లాడి దగ్గర్లో ఉన్న టౌనుకి తీసుకెళ్లారు. అక్కడ వరసలో కూర్చుని, తొమ్మిదిన్నరకి సీటీ తీయించుకున్నారు. "సీటీ నార్మల్‌గా ఉంది, బీపీ వల్ల అయ్యుంటుంది, మాత్రలు వాడండి" అని పంపించేశారు.

నార్మల్ అన్న ఆ ఒక్క మాటతో ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. పెద్దమ్మ పానకాల స్వామికి మొక్కుకుంది. మధ్యాహ్నం రెండింటికి పెదనాన్నకి మాట పూర్తిగా పడిపోయింది. పక్కింటివాళ్లు నాటు మందు ఇచ్చే ఊరి పేరు చెప్పి, కారు మాట్లాడుకుని ఈ రాత్రికే వెళ్లమన్నారు. అన్నయ్య నాకు ఫోన్ చేశాడు. దుగ్గిరాల నుంచి విజయవాడ గట్టిగా పాతిక కిలోమీటర్లు. వారధి దాటి మా సెంటరు మెట్ల దగ్గరికి వచ్చేసరికి నాలుగు కావస్తోంది.

ఎమ్మారై గదిలోకి ఇనుము రాకూడదు. పెదనాన్న మొలతాడుకి బీరువా తాళంచెవి, ఒక పిన్నీసు, రాగి తాయెత్తు కట్టి ఉన్నాయి. నేను పంచె సర్ది మొలతాడు మీద చెయ్యి వెయ్యగానే పెద్దమ్మ నా చెయ్యి పట్టేసుకుంది. "మొలతాడు తెంపుతావా అమ్మాయ్?" మన వైపు మొలతాడు ఎప్పుడు తెంపుతారో అందరికీ తెలుసు. "తాడు తెంపను పెద్దమ్మా. తాళంచెవి, పిన్నీసు తీస్తాను. తాయెత్తు విప్పి నీ చేతికే ఇస్తాను" అన్నాను. నా వేళ్లు వణికి తాయెత్తు ముడి ఒక పట్టాన రాలేదు. ఎంతోమంది మొలతాళ్ల దగ్గర అలవాటుగా చేసిన పని అది. పెదనాన్న ఎడం చేతిలో రబ్బరు బుడ్డి పెట్టి, "టకటకా చప్పుడొస్తుంది పెదనాన్నా, భయమేస్తే ఇది నొక్కు" అన్నాను. ఆయన నా మొహం వంకే చూశాడు. అర్థమైందనిపించింది. నొక్కలేదు.

మొదట డిఫ్యూజన్ బొమ్మలు తీశాను. అవి తెర మీదికి రావడానికి రెండు నిమిషాలు పట్టదు. తెల్లమచ్చ కనపడింది. తర్వాత ఫ్లెయిర్ తీశాను. అందులోనూ అదే చోట తెల్లదనం వచ్చేసింది. ఈ రెంటికీ తేడా ఏమిటో, ఫ్లెయిర్‌లో కూడా కనపడ్డం ఎందుకు చెడ్డ కబురో కింద చెప్తాను. నరాల డాక్టరు గారు వచ్చి ఒకే ప్రశ్న వేశారు. "చివరిసారి బాగా ఉండగా ఎవరు చూశారు? ఎన్నింటికి?" పెద్దమ్మ చెప్పింది, రాత్రి పదింటికని. ఆయన వేళ్ల మీద లెక్కపెట్టారు. పద్దెనిమిది గంటలు. "టైం దాటిపోయిందమ్మా" అన్నారు. అప్పటి రూలు ప్రకారం ఆయన మాటలో తప్పులేదు.

ఆ రూలు గురించి చాలాకాలం ఆలోచించాను. నిద్రలో పక్షవాతం వస్తే, ఎప్పుడు వచ్చిందో ఎవరికీ తెలియదు కాబట్టి, పడుకున్న వేళ నుంచే లెక్కపెట్టేవాళ్లు. రక్తనాళంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షనుకి గడువు నాలుగున్నర గంటలు. గజ్జ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి గడ్డని బయటికి లాగే పద్ధతికి అప్పట్లో ఆరు గంటలు. పెదనాన్నకి ఆ దెబ్బ తెల్లవారుజామున నాలుగున్నరకి తగిలి ఉండొచ్చు. అయినా గడియారం లెక్కలో ఆయన కళ్లు తెరిచేసరికే గడువు అయిపోయింది. పక్షవాతాల్లో సుమారు ఐదింట ఒకటి ఇలా నిద్రలోంచి లేచేటప్పుడు బయటపడేదే. అంతమందికి వైద్యం తలుపు వాళ్లు నిద్రలో ఉండగానే మూసుకుపోయేది.

సీటీకి ఎందుకు కనపడలేదో ముందు చెప్పాలి, ఎందుకంటే ఈ 'నార్మల్' ఇప్పటికీ రోజూ మనుషుల్ని ఇళ్లకి పంపిస్తోంది. 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ మిషనుతో మొదటి రోగి తలని సీటీ తీశారు. అంతకుముందు మెదడు ఆకారం తెలుసుకోవాలంటే వెన్నులోంచి గాలి ఎక్కించి ఎక్స్‌రే తీసేవాళ్లు. అది రోగికి నరకం. ఆ నరకాన్ని తప్పించినందుకు 1979లో హౌన్స్‌ఫీల్డ్‌కి, అలన్ కార్మాక్‌కి నోబెల్ ఇచ్చారు, న్యాయమే. సీటీ చూసేది సాంద్రతని. నీళ్లకి సున్నా, గాలికి మైనస్ 1000, ఎముకకి వందల్లో, వేలల్లో. తలలో రక్తం చిమ్మితే అది మెదడు కండ కంటే చిక్కన, కాబట్టి నిమిషాల్లోనే తెల్లగా కనపడుతుంది. రక్తనాళం పూడుకుపోయిన పక్షవాతంలో మొదటి గంటల్లో సాంద్రత పెద్దగా మారదు. అందుకే పక్షవాతం రోగికి మొదట సీటీ తీసేది రక్తస్రావం ఉందా లేదా తేల్చుకోవడానికి. అందులో ఏమీ లేదంటే 'రక్తం చిమ్మలేదు' అని మాత్రమే అర్థం. 'పక్షవాతం లేదు' అని ఎంతమాత్రం కాదు. రక్తం చిమ్మలేదంటే గడ్డ కరిగించే వైద్యానికి దారి తెరిచినట్టు. అంటే మనిషిని ఇంటికి పంపాల్సిన మాట కాదు, పెద్దాసుపత్రికి పరిగెత్తించాల్సిన మాట.

ఆ రిపోర్టు కాగితాన్ని నేను చాలాసార్లు చదివాను. 'రక్తస్రావం లేదు' అనే రాసి ఉంది. కాగితంలో తప్పు లేదు. కాగితం నుంచి పెద్దమ్మ చెవి దాకా వచ్చేలోపు అది 'నార్మల్' అయింది.

ఎమ్మారైలో డిఫ్యూజన్ అన్నది నీళ్ల కదలికని చూసే పద్ధతి. మెదడు కణాల మధ్య సందుల్లో నీటి అణువులు అటూఇటూ తిరుగుతుంటాయి. రక్తం ఆగిపోగానే కణంలో ఉప్పుని బయటికి తోడే పంపు ఆగుతుంది. ఉప్పు లోపల పేరుకుంటుంది, దాని వెంట నీళ్లు లోపలికి వస్తాయి, కణం ఉబ్బి సందులు ఇరుకైపోతాయి. నీళ్లు ఇక తిరగలేవు. ఆ ఆగిపోయిన నీళ్లే తెల్లగా కనపడతాయి. డెనీ లె బియాన్ అనే ఫ్రెంచ్ ఆయన 1980ల మధ్యలో ఈ పద్ధతిని మెదడు మీదికి తెచ్చాడు. 1990లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మైఖేల్ మోజ్లీ, ఆయన తోటివాళ్లు పిల్లుల మీద చూపించారు, రక్తనాళం మూసిన ముప్పావుగంటలోపే ఇది బయటపడుతుందని. మామూలు ఎమ్మారై బొమ్మల్లో కనపడ్డానికి గంటలు పట్టింది.

ఫ్లెయిర్ అలాంటి మామూలు రకం బొమ్మే. మొత్తంగా ఆ చోట నీళ్లు పెరిగితే గానీ అందులో మచ్చ రాదు, దానికి సుమారు నాలుగైదు గంటలు కావాలి. ఇప్పుడు రెండు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టండి. డిఫ్యూజన్‌లో మచ్చ ఉండి ఫ్లెయిర్‌లో ఇంకా లేకపోతే, దెబ్బ తగిలి నాలుగున్నర గంటలు అయ్యుండకపోవచ్చు. మనిషి ఎన్నింటికి పడుకున్నాడో తెలియకపోయినా, ఇంట్లో ఎవరూ లేకపోయినా, మెదడే టైం చెప్తోంది.

2018లో ఈ పద్ధతి మీద యూరప్‌లో జరిగిన వేకప్ అనే పరీక్ష (రోగుల మీద వైద్యాన్ని సరిచూసే పరిశోధన) ఫలితాలు వచ్చాయి. పక్షవాతం ఎప్పుడు వచ్చిందో తెలియని, ఎక్కువగా నిద్రలోనే వచ్చిన, ఇలా రెండు బొమ్మలకీ తేడా ఉన్న 503 మందిని తీసుకున్నారు. గడ్డ కరిగించే మందు ఇచ్చినవాళ్లలో మూడు నెలల తర్వాత దాదాపు మామూలు మనుషులైనవాళ్లు నూటికి 53 మంది. ఇవ్వనివాళ్లలో 42 మంది. మెదడులో రక్తం చిమ్మే ప్రమాదం మందు తీసుకున్నవాళ్లలో కొంత ఎక్కువ కనపడింది, అదీ చెప్పాలి. అదే ఏడాది డాన్, డిఫ్యూజ్ త్రీ అనే మరో రెండు పరీక్షలు అచ్చయ్యాయి. డాన్ ఆరు గంటలు దాటి ఇరవైనాలుగు గంటలు దాటని రోగుల మీద, డిఫ్యూజ్ త్రీ పదహారు గంటల దాకా. స్కాన్ చూసి ఎంపిక చేసినవాళ్లకి గడ్డని గొట్టంతో లాగేశారు. డాన్‌లో మూడు నెలలకి తమ పని తాము చేసుకునే స్థితికి వచ్చినవాళ్లు నూటికి 49 మంది. లాగనివాళ్లలో 13 మంది. నేనీ అంకెలు మొదటిసారి మా సెంటర్లో మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ముందు చదివాను. ఇరవైనాలుగు గంటలు. పెదనాన్నది పద్దెనిమిది. అవి రెండేళ్లు ఆలస్యంగా వచ్చాయి.

ఆ ఎంపిక ఎలా చేస్తారన్నది పెదనాన్నకే ఒకసారి చెప్పాను. అప్పటికి ఆయన మంచం దిగి చేతికర్రతో నాలుగడుగులు వేస్తున్నాడు. కుడి చెయ్యి రాలేదు. యార్డులో పసుపు కొమ్ము విరిచి, లోపలి రంగు చూసి రేటు చెప్పే చెయ్యి అది. మాటల్లో నాలుగైదు మిగిలాయి. ఆయన ఫిల్ము తీయించుకుని చూస్తుంటే కాలవ లెక్కలో చెప్పాను. మన డెల్టాలో ఒక పిల్ల కాలవ పూడుకుపోయిందనుకో పెదనాన్నా. దాని కిందున్న పొలమంతా ఒకేసారి చావదు కదా. తూము మొగదలకి దూరంగా ఉన్న మడి ముందు ఎండుతుంది. పక్క కాలవ నుంచి ఊట వచ్చే మళ్లు వాడతాయి గానీ బతికే ఉంటాయి. మళ్లీ నీళ్లు వదిలితే తలెత్తుతాయి. నీళ్లు ఎప్పుడు ఆగాయో లస్కరు పుస్తకంలో చూసి పంట పోయిందని తేల్చేస్తే నువ్వు ఒప్పుకుంటావా? ఆయన ఎడం చెయ్యి ఎత్తి అడ్డంగా ఊపాడు. తర్వాత అదే చేత్తో గాల్లో ఏదో కొమ్మ పట్టుకుని చూస్తున్నట్టు చేశాడు. పొలంలో దిగి మొక్కని చూడాలని.

పెర్‌ఫ్యూజన్ స్కాన్ చేసేది అదే. చేతి నరంలోకి కాంట్రాస్టు మందు (బొమ్మలో రక్తం పారే దారి కనపడేలా చేసే మందు) ఎక్కించి, అది మెదడులో ఏ చోటికి ఎంత ఆలస్యంగా చేరుతోందో నిమిషం పాటు వరసగా బొమ్మలు తీసి లెక్కకడతారు. చచ్చిపోయిన భాగం ఎంత, వాడిపోయి ఇంకా బతికున్న భాగం ఎంత అన్నది రంగుల్లో వస్తుంది. ఇది సీటీ మీదా చెయ్యొచ్చు, ఎమ్మారై మీదా చెయ్యొచ్చు. పక్క కాలవల ఊట బాగున్న మనిషికి పద్దెనిమిది గంటల తర్వాత కూడా కాపాడుకోవాల్సిన మెదడు మిగిలి ఉండొచ్చు. ఊట లేనివాడికి రెండు గంటలకే అంతా అయిపోవచ్చు. రక్తం ఆగిన పక్షవాతంలో సగటున నిమిషానికి 19 లక్షల న్యూరాన్లు పోతాయని 2006లో జెఫ్రీ సేవర్ అనే డాక్టరు లెక్కకట్టాడు. ఆ సగటు వెనక ఒక్కొక్క మనిషికి ఇంత తేడా ఉందని ఈ బొమ్మలు బయటపెట్టాయి.

ఇక్కడ కొందరు డాక్టర్లు నాతో ఒక వాదన చేస్తారు, అది నిజాయితీగా చెప్పాలి. పెర్‌ఫ్యూజన్ సాఫ్ట్‌వేరు ఖరీదు, దాన్ని చదవడం అందరికీ రాదు, చిన్న ఊళ్లలో అది కలలో మాట అని. నా సమాధానం: ఆ తర్వాత వచ్చిన పరీక్షలు దారిని ఇంకా సులువు చేశాయి. 2022లో జపాన్ నుంచి, 2023లో చైనా నుంచి, సెలెక్ట్ టూ పేరుతో మరో చోటి నుంచి వచ్చిన ఫలితాల్లో, మెదడులో పెద్ద భాగం దెబ్బతిన్నవాళ్లకి కూడా గడ్డ లాగితే మేలు కనపడింది. అదే 2023లో నెదర్లాండ్స్ వాళ్లు మామూలు సీటీ యాంజియోలో, అంటే రక్తనాళాల్ని చూపించే సీటీలో, పక్క నాళాల ఊట చూసి ఆలస్యపు రోగుల్ని ఎంపిక చేయొచ్చని చూపించారు. అంటే తొలి సీటీతో పాటు, అదే బల్ల మీద, మెడా తలా కలిపి సీటీ యాంజియోగ్రామ్ తీస్తే పెద్ద నాళంలో గడ్డ ఉందో లేదో తేలుతుంది. చెయ్యడానికి పది నిమిషాలు. కాంట్రాస్టు ఎక్కించే పంపున్న సెంటరు ఏదైనా తీయగలదు. తియ్యమని రాసేవాళ్లు కావాలి. పెదనాన్నకి పొద్దున తొమ్మిదిన్నరకి అది తీసుంటే, ఇంటికి వెళ్లమని ఎవరూ అని ఉండేవాళ్లు కాదు. ఆ ఒక్కటీ నాకు గట్టిగా తెలుసు.

ఇప్పుడు పెద్ద మిషన్ల సంగతి. 2024 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లో పారిస్ దగ్గర సాక్లేలో ఇసెల్ అనే ఎమ్మారై తీసిన మొదటి మనిషి మెదడు బొమ్మల్ని చూపించారు. అయస్కాంతం బలాన్ని టెస్లాల్లో కొలుస్తారు; దానిది 11.7 టెస్లాలు. మా దగ్గరున్నది 1.5. ఆ అయస్కాంతం బరువు 132 టన్నులు, ఇరవై ఏళ్లకి పైగా శ్రమ. నాలుగు నిమిషాల్లో అర మిల్లీమీటరులో సగం కంటే సన్నటి వివరం ఇస్తుంది. ఆ బొమ్మలు నేను ఫోన్‌లో పెద్దవి చేసి చూశాను, నా వృత్తి మీద గౌరవం పెరిగింది. మద్రాసు ఐఐటీలోని సుధా గోపాలకృష్ణన్ బ్రెయిన్ సెంటర్ వాళ్లు అదే ఏడాది చివర్లో ధరణి పేరుతో గర్భస్థ శిశువుల మెదళ్ల చిత్రాల్ని కణాలు కనపడేంత వివరంగా, 5,132 కోతలతో లోకమంతటికీ విడుదల చేశారు. మన పక్క రాష్ట్రంలో అంత పని జరిగిందంటే గర్వమే. మెదడు గురించి రేపు తెలిసే చాలా సంగతులు ఇలాంటి చోట్ల నుంచే వస్తాయి. వాటికి డబ్బు పెట్టొద్దని నేననను.

కానీ రేపల్లె నుంచో అవనిగడ్డ నుంచో బయల్దేరిన మనిషికి కావాల్సిన మిషను దీనికి సరిగ్గా ఎదురు చివర ఉంది. 2020లో అమెరికాలో అనుమతి పొందిన హైపర్‌ఫైన్ కంపెనీ స్వూప్ మిషను 0.064 టెస్లాలది. మా మిషనులో ఇరవై మూడో వంతు బలం కూడా ఉండదు. చక్రాలుంటాయి, మామూలు గోడ ప్లగ్గుకి పెట్టుకోవచ్చు, అయస్కాంతాన్ని చల్లబరిచే హీలియం అక్కర్లేదు, రాగి రేకు కట్టిన గది అక్కర్లేదు. రోగి మంచం దగ్గరికే వస్తుంది. బొమ్మలు గరుకుగా ఉంటాయి, నిజమే. అయితే 2022లో అచ్చయిన ఒక పరిశీలనలో, రక్తనాళం పూడుకున్న పక్షవాతం ఉన్న 50 మందిలో 45 మందికి ఈ చిన్న మిషనే మచ్చ పట్టుకుంది, నాలుగు మిల్లీమీటర్ల మచ్చల్ని కూడా. ఐదుగురిని వదిలేసింది. మా రేడియాలజిస్టు సార్ ఆ ఐదుగురి గురించే మాట్లాడతారు. నేను మిగిలిన 45 మంది గురించి మాట్లాడతాను. పదిమందిలో ఒకర్ని వదిలేసే మిషను పొద్దున ఆరింటికి దగ్గర్లో ఉండటం మేలా, దాదాపు ఎవర్నీ వదలని మిషను సాయంత్రం నాలుగింటికి పాతిక కిలోమీటర్ల అవతల ఉండటం మేలా? మిషను 'లేదు' అన్నా కాలూచెయ్యీ పడిపోయిన మనిషిని ఎలాగూ పైకి పంపాల్సిందే. 'ఉంది' అన్నప్పుడు మాత్రం ఇంటికి పంపించే మాట నోటికి రాదు.

మిషనునే మనిషి దగ్గరికి తీసుకెళ్లే దారి ఇంకొకటుంది. జర్మనీలో హోంబుర్గ్‌లో 2008లోనే అంబులెన్సులో సీటీ పెట్టి రోడ్డు మీద వైద్యం మొదలుపెట్టారు. మన దేశంలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అస్సాంలో అలాంటి బళ్లు నడిపింది. తేయాకు తోటల మధ్య, నదుల మధ్య ఉన్న ఊళ్లలో అది సాధ్యమైంది. మనకి జాతీయ రహదారి ఉంది, వంతెనలున్నాయి, 108 బళ్లు 2005 నుంచి తిరుగుతున్నాయి. కుదరదన్న మాట నాకు అర్థం కాదు.

కంప్యూటరు తనంతట తానే సీటీ చదివే పద్ధతి మీద మాత్రం ఒక జాగ్రత్త. ముంబైకి చెందిన క్యూర్ డాట్ ఏఐ వాళ్లు 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చేసిన పరిశోధన మన దేశపు సెంటర్ల నుంచి సేకరించిన 3,13,318 తల సీటీల మీద జరిగింది. రక్తస్రావం, పుర్రె పగులు, మెదడు ఒక పక్కకి జరగడం లాంటివి బాగా పట్టుకుంది. రాత్రిపూట రేడియాలజిస్టు లేని ఊళ్లో, బండి మీంచి పడిన కుర్రాడికి ఇది ప్రాణం నిలబెట్టొచ్చు. కానీ సీటీకే కనపడని తొలి గంటల పక్షవాతం కంప్యూటరుకి మాత్రం ఎక్కణ్నుంచి కనపడుతుంది? 'ప్రమాదమేమీ లేదు' అని తెర మీద పచ్చరంగు వస్తే, మళ్లీ అదే నార్మల్ అవుతుంది. నా భయం అదీ.

ఇదే ఊపులో ఇంకో మాట, ఎందుకంటే ఇది మన విజయవాడ, గుంటూరు తల్లిదండ్రులకి చెప్పాల్సింది. ఏడాదిలో ఒకరిద్దరైనా మా కౌంటరు దగ్గరికి వచ్చి అడుగుతారు. "మావాడు ఇంటర్లో వెనకబడ్డాడండీ, మెదడు స్కాన్ చేస్తే ఎంపీసీకి పనికొస్తాడో లేదో తెలుస్తుందా?" పిల్లాడు పక్కనే తలొంచుకుని నిలబడి ఉంటాడు. మనిషి తెలివికీ మెదడు బొమ్మకీ ఉన్న సంబంధం నమ్మకంగా పట్టుకోవాలంటే వేలమందిని స్కాన్ చెయ్యాలని, సుమారు 50,000 మంది వివరాలతో 2022లో నేచర్ పత్రికలో తేల్చారు. ఒక్క పిల్లాడి బొమ్మ చూసి ఏమీ చెప్పలేరు. అలా చెప్తామన్నవాళ్లకి ఒక్క రూపాయి ఇవ్వకండి. వాణ్ని కూర్చోబెట్టి మాట్లాడండి.

మళ్లీ మన సంగతికి. మా సెంటర్లో ఇప్పుడు పక్షవాతం రోగి వస్తే వరస మార్చేశాం. ముందు డిఫ్యూజన్, వెంటనే ఫ్లెయిర్, నాళాల బొమ్మ, ఆపైన మిగిలినవి. కొత్త సాఫ్ట్‌వేర్లు తక్కువ సమాచారం నుంచి పూర్తి బొమ్మ కట్టేస్తున్నాయి కాబట్టి, నేను చేరిన కొత్తలో అరగంట పట్టే తల పరీక్ష ఇప్పుడు పది నిమిషాల్లో అయిపోతోంది. ఉబ్బిన కాలి వేళ్ల మీంచి మెట్టెలు తియ్యడానికి దారం చుట్టి లాగుతాం చూడండి, దానికే అంతకన్నా ఎక్కువ సేపు పడుతోంది. అందుకే బండిలో వస్తుండగానే ఫోన్లో చెప్తున్నాం: మెట్టెలు, పిన్నీసులు, చెవి దిద్దులు దారిలోనే తీసెయ్యండి, గుండెలో మిషను ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పండి, రాత్రి ఎన్నింటికి మామూలుగా మాట్లాడారో గుర్తుచేసుకోండి.

ఈ సంక్రాంతికి దుగ్గిరాల వెళ్లినప్పుడు ఆరెంపీ గారింటికి వెళ్లాను. ముసలాయన అయిపోయాడు. పెదనాన్న రెండు ఫిల్ములూ కిటికీ వెలుతురులో పక్కపక్కన పెట్టి, ఒకటి ఏం చెప్పదో, రెండోది ఏం చెప్తుందో వివరించాను. సీటీ నార్మల్ అన్నా కాలూచెయ్యీ పడిపోతే ఇంటికి రానివ్వద్దని, నాళాల బొమ్మ తీశారా అని అడగమని చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. ఫిల్ము మీద తెల్లమచ్చ చుట్టూ వేలితో గీత గీశాడు. తర్వాత ఒకటే అడిగాడు.

"అంతా బానే ఉందమ్మా. రాత్రి రెండింటికి వస్తే ఎక్కడికి పంపమంటావు?"

రాత్రిపూట కూడా గడ్డ లాగే డాక్టరు అందుబాటులో ఉండే చోట్లు నాకు తెలిసినవి రెండు చెప్పాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, గుమ్మం పక్కన వేలాడుతున్న క్యాలెండరు మీద, జనవరి గడుల కింద పెద్దక్షరాలతో రాసుకున్నాడు. రాశాక పెన్ను మూత పెట్టకుండా నా వంక చూస్తూ ఉండిపోయాడు, ఇంకో పేరు చెప్తానేమోనని.